నడుం విరిగి వెనక కాళ్ళు పడిపోయిన కుక్కను అద్దె ఇంట్లో పెంచుకోవచ్చా?

కడప నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వీధిలో తిరిగే ఏడాది వయసు ఆడకుక్కను ఆటో గుద్దింది. నడుం దగ్గర ఎముక విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. వెనక కాళ్ళు రెండూ కదలడం లేదు. డాక్టరు నిద్రపుచ్చడం (నొప్పి లేకుండా ప్రాణం తీయడం) మేలన్నారు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోతారు, అత్తమ్మ ఇంట్లోనే ఉంటారు. రెండో అంతస్తులో అద్దె ఇల్లు. తెచ్చుకోవచ్చా? తెచ్చుకుంటే ఎలా చూసుకోవాలి?

తెచ్చుకోవచ్చు, కానీ ఒక షరతు మీద. రోజుకు మూడు నాలుగు సార్లు దాని మూత్రాశయాన్ని చేత్తో ఒత్తి ఖాళీ చేసే మనిషి ఇంట్లో ఉండాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పడుకునే ముందు. పండగైనా, ఊళ్ళో పెళ్ళయినా, మీకు జ్వరమొచ్చినా ఇది తప్పదు. ఆ మనిషి ఎవరో ఇప్పుడే పేరు పెట్టి చెప్పగలిగితే తెచ్చుకోండి. "ఎవరో ఒకరం చూసుకుంటాంలే" అన్నది జవాబైతే మాత్రం తెచ్చుకోవద్దనే అంటాను.

నేను డాక్టర్ను కాను. అనంతపురం జిల్లాలో పశువైద్యశాలల్లో డాక్టర్ల పక్కన చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు కాళ్ళు లేనివి, చూపు లేనివి మా ఇంట్లోనే కొన్ని ఉన్నాయి. మందులు, డోసులు మీ డాక్టరు చెప్పాల్సినవి, వాటి జోలికి పోను. ఇంట్లో రోజూ ఏం చేయాల్సి వస్తుందో అది చెప్తాను.

అందరూ కాళ్ళ గురించే అడుగుతారు. లేస్తుందా, నడుస్తుందా, చక్రాల బండి ఎక్కడ చేస్తారు అని. కాళ్ళు లేకపోయినా కుక్క హాయిగా బతుకుతుంది. ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ గేటు దాకా వచ్చి పాలవాడి మీద అరుస్తుంది కూడా. ఇలాంటి కుక్కల ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా మూత్రం, పుండ్లు. వెన్నుపాము దెబ్బతింటే కాళ్ళతో పాటు మూత్రాశయం మీద కూడా పట్టు పోతుంది. నిండినా కుక్కకు తెలియదు, తెలిసినా వదలలేదు. నిండిపోయాక కొంచెం కొంచెంగా బయటికి కారుతుంది. చూసేవాళ్ళు "అదే పోసుకుంటోంది కదా, ఇంకేం" అనుకుంటారు. కారడం వేరు, ఖాళీ అవడం వేరు. లోపల నిలిచిపోయిన మూత్రంలో ఇన్ఫెక్షన్ మొదలై కిడ్నీల దాకా పోతుంది. ఆడకుక్కల్లో ఇది ఇంకా తొందరగా వస్తుంది. నొప్పి తెలియని ఒళ్ళు కాబట్టి కుక్క మూలగదు, అరవదు. అన్నం ముట్టని రోజుకు గానీ మనకు తెలియదు. అప్పటికే ముదిరిపోయి ఉంటుంది.

ఒత్తడం ఎలాగో రాస్తాను గానీ, దీన్ని చదివి మొదలుపెట్టకండి. డాక్టరు ముందు మీరే చేసి, సరిగ్గా ఉందనిపించుకుని ఇంటికి రండి. మామూలుగా కుక్కను నిలబెట్టి పట్టుకుని చేస్తారు. మీ కుక్కకు ఎముక ఇంకా అతకలేదు కాబట్టి నిలబెట్టొద్దు, పక్కకు పడుకోబెట్టే చేయాలి. వెనక కాళ్ళకు కాస్త ముందు, పొట్టకు అటూ ఇటూ అరచేతులు పెట్టండి. వేళ్ళ కొసలతో పొడవకూడదు, చెయ్యి చదునుగా ఉండాలి. మెల్లగా లోపలికి ఒత్తితే నీళ్ళు నింపిన బెలూన్ లాంటిది చేతికి తగులుతుంది. దాన్ని జారిపోనివ్వకుండా, ఒకే తీరు ఒత్తిడితో తోక వైపుకు ఒత్తాలి. ధార మొదలవుతుంది. ఆగితే చెయ్యి కాస్త వదులు చేసి మళ్ళీ వెతకండి. ఆ గుండ్రటిది చేతికి దొరకనప్పుడే పని అయినట్టు. కొత్తలో ఎక్కువసేపు పడుతుంది, టెన్షన్ పడకండి. చెయ్యి అలవాటయ్యాక ఫోన్ మాట్లాడుతూ చేసేవాళ్ళను చూశాను.

వీపు మధ్యలో దెబ్బ తగిలిన కుక్కలకు కింద కండరం బిగుసుకుపోయి, ఎంత ఒత్తినా చుక్క రాదు. అలాంటప్పుడు బలం పెట్టకండి, మూత్రాశయం చిరిగే ప్రమాదం ఉంది. కండరం సడలే మందు ఇవ్వడమో, సన్నటి గొట్టం వేసి తీయడమో డాక్టరు చేస్తారు. నడుం కింది భాగంలో దెబ్బయితే ఇందుకు వ్యతిరేకంగా ఉంటుంది, తేలిగ్గా వచ్చేస్తుంది కానీ రోజంతా కారుతూ ఒళ్ళు తడుపుకుంటుంది. మీ కుక్క ఏ రకమో అడిగి తెలుసుకోండి. మీ ఇంటి పని ఎంత ఉంటుందో దాన్ని బట్టే తేలుతుంది. మూత్రం వాసన మారినా, మబ్బుగా వచ్చినా, ఎరుపు కనిపించినా కల్చర్ పరీక్ష (ఏ క్రిమి పట్టిందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చేది) చేయించి మందు వాడాలి. మొన్న పనిచేసిన యాంటీబయాటిక్ మిగిలిందని అదే మళ్ళీ వేయకండి.

ఇక మీ ఇంటి సంగతి. పొద్దున, సాయంత్రం, రాత్రి మీరిద్దరూ ఉంటారు. మధ్యలో తొమ్మిది పది గంటలు అత్తమ్మ ఒక్కరే. అంటే మధ్యాహ్నం పని ఆవిడదే. ఆవిడను అడిగారా? ప్రశ్నలో ఆ మాట ఎక్కడా లేదు. "మడి, దేవుడి గది" అని అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియాలి, కుక్క ఇంటికొచ్చాక కాదు. ఒప్పుకుంటే వంగే పని లేకుండా చూడండి. నడుమెత్తు బల్ల అయితే వంగక్కర్లేదు గానీ, మీరు ఆఫీసుకు పోయే ముందే కుక్కను దాని మీదికి ఎక్కించి పోలేరు, పడిపోతుంది. అందుకని కింద ఒక పీట వేసి, దాని మీద కూర్చుని చేసే పద్ధతి అలవాటు చేయండి. మోకాళ్ళ నొప్పులుంటే అదీ కుదరదు. అప్పుడు మధ్యాహ్నానికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాలి, ఆ మనిషి రాని రోజుకు ఇంకొకరిని అనుకుని ఉంచుకోవాలి.

నాకు బాగా తెలిసిన రెండు ఇళ్ళ సంగతి చెప్తాను. ధర్మవరంలో ఒక మగ్గం ఇల్లు. డబ్బున్నవాళ్ళేం కాదు. ఆయన పొద్దంతా మగ్గం మీద, ఆవిడ పక్కనే కండెలు చుట్టుకుంటూ ఉంటుంది. వాళ్ళ నల్లకుక్కకు లారీ తగిలి మీ కుక్కలాగే అయింది. అది ఏళ్ళ తరబడి బతికింది. కారణం ఒకటే, ఆ ఇంట్లో ఎప్పుడూ ఇద్దరు మనుషులుంటారు. ఆయన అన్నానికి మగ్గం దిగినప్పుడల్లా కుక్క పని చూసి, చేతులు కడుక్కుని కూర్చునేవాడు. అయితే వాళ్ళది గుంట మగ్గం, కుక్క ఈడ్చుకుంటూ వచ్చి గుంటలో పడబోయేది. అంచుకు అడ్డంగా ఒక చెక్క కొట్టుకున్నారు, అంతే. రెండో ఇల్లు గుంతకల్లులో. ఇద్దరూ మంచి జీతాల మీద ఉన్నారు. మెత్తటి పరుపు, బెంగళూరు నుంచి తెప్పించిన బండి, అన్నీ ఉన్నాయి. మధ్యాహ్నం ఎవరూ లేరు. పెట్టుకున్న కుర్రాడు కొన్నాళ్ళకు మానేశాడు. ఇన్ఫెక్షన్ మీద ఇన్ఫెక్షన్ వచ్చి, చివరికి నిద్రపుచ్చాల్సి వచ్చింది. ఇద్దరికీ కుక్క మీద ప్రేమ లేక కాదు.

నడుస్తుందా అన్నదానికి ఎక్స్‌రే జవాబు చెప్పదు. అందులో ఎముక కనిపిస్తుంది, వెన్నుపాము కనిపించదు. డాక్టర్ను అడగాల్సింది "డీప్ పెయిన్ ఉందా?" అని. కాలివేలిని పరికరంతో గట్టిగా నొక్కి చూస్తారు. అప్పుడు కాలు లాక్కుంటే "స్పర్శ ఉంది" అని సంబరపడిపోతారు జనం. అది మెదడుతో పని లేకుండా జరిగే కదలిక కూడా కావచ్చు. కుక్క తల తిప్పి చూడాలి, అరవాలి, కరవబోవాలి. అలా చేస్తే ఆశ ఉన్నట్టే. దెబ్బ తగిలి ఎముక పక్కకు జరిగి, ఆ నొప్పి కూడా తెలియకపోతే నడిచే అవకాశం చాలా తక్కువ. మీ డాక్టరు నిద్రపుచ్చమన్నది ఇది చూశాకేనా, ఎక్స్‌రే ఒక్కటే చూసి చెప్పారా కనుక్కోండి. అలా చెప్పిన డాక్టర్ను తిట్టుకోకండి. వీధికుక్కను వీధిలోనే వదిలేస్తారనుకుంటే అది సరైన సలహానే.

రెండో అభిప్రాయానికి మీకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గర. తిరుపతి కళాశాల కాస్త దూరమైనా పాతది, 1955 నుంచీ ఉంది. తీసుకెళ్ళేటప్పుడు చేతుల్లో ఎత్తుకోకుండా ఒక చెక్క మీదో, గట్టి అట్ట మీదో పడుకోబెట్టి, ఒళ్ళు కదలకుండా గుడ్డతో వదులుగా కట్టండి. నొప్పిలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది.

కరుస్తుంది అన్నాను కాబట్టి ఇంకో మాట. మీ కుక్కను ఆటో గుద్దడం కళ్ళారా చూసినవాళ్ళున్నారు, ఎముక విరిగినట్టు ఎక్స్‌రేలో ఉంది, కాబట్టి కాళ్ళు పడిపోవడానికి కారణం తెలుసు. ఇది చదివే మిగతావాళ్ళు మాత్రం గుర్తుంచుకోండి. ఎవరూ ప్రమాదం చూడకుండా ఒక వీధికుక్కకు ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయి, దవడ వేలాడి, చొంగ కారుతూ, గొంతు మారితే అది రేబిస్ కావచ్చు. పిచ్చికుక్క అంటే వెంటపడి కరిచేదే అనుకుంటారు. మూలన పడి ఉండే రకం కూడా ఉంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అని నోట్లో చెయ్యి పెట్టకండి. మీరు కూడా, కుక్కకు టీకా వేయించడంతో పాటు, ఇంట్లో దాన్ని పట్టుకునే ప్రతి ఒక్కరూ ముందస్తు రేబిస్ టీకా గురించి డాక్టర్ను అడగండి. పన్ను గాటు పడితే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారం, సున్నం పెట్టి ఊరుకోవద్దు.

పుండ్ల విషయం. తుంటి ఎముకలు, మోకాళ్ళ పక్కలు, కాలివేళ్ళ పైభాగం. నేలకు ఒరుసుకునే ఈ చోట్లే మొదట ఎర్రబడతాయి, తర్వాత చర్మం లేస్తుంది. మన ఇళ్ళలో కడప బండలో, బేతంచెర్ల బండలో ఉంటాయి. పాలిష్ చేసిన బండ మీద ముందు కాళ్ళు జారతాయి, పాలిష్ లేని బండ వెనక కాళ్ళను గీరేస్తుంది. గోనెసంచి పరుస్తారు చాలామంది, అది ఇంకా గరుకు. రెక్సిన్ తొడిగిన మెత్తటి పరుపు, దాని మీద నూలు గుడ్డ, తడిసిన వెంటనే గుడ్డ మార్చడం. ఎముక అతికేదాకా కదలకుండా ఉంచుతారు కాబట్టి కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. తర్వాత అది తిరగడం మొదలుపెట్టాక పాత జీన్స్ ప్యాంటు కాలు ముక్కతో తొడుగు కుట్టించండి. ఇంట్లో ఉన్నంతసేపూ కాకుండా ఈడ్చుకుంటూ తిరిగేటప్పుడు మాత్రమే వేయాలి. పిల్లల డైపర్‌కు తోక పట్టే రంధ్రం చేసి వాడుకోవచ్చు, కానీ పొద్దున వేసింది సాయంత్రం తీస్తే లోపల చర్మం ఉడికిపోతుంది. పౌడర్ చల్లకండి, తడికి ముద్దలు కట్టి ఇంకా ఒరుస్తుంది. కడగండి, ఆరనివ్వండి.

పుండు మీద ఈగ వాలిందంటే మన వాతావరణంలో పురుగులు పట్టడానికి ఎక్కువ టైం పట్టదు. వెనక భాగంలో స్పర్శ లేదు కాబట్టి కుక్క నాక్కోదు, విదిలించుకోదు. రోజుకోసారి తోక ఎత్తి, తొడల సందులు చూడాలి. వాసన వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి. ఇంతకాలంలో నేను చూసిన ఘోరాలు ఎక్కువగా ఇంటి వైద్యాల వల్లే. పుండులో ఫినాయిల్ పోయడం, కిరోసిన్ పోయడం, కలరా ఉండలు నూరి కూరడం. పురుగులు చస్తాయేమో గానీ అది రక్తంలోకి పోయి కుక్కకూ ముప్పే. అలాగే మన ఇంట్లో వాడే నొప్పి మాత్రలు ఏవీ ఇవ్వకండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఏదైనా సరే.

ఎండాకాలం గురించి ఎవరూ చెప్పరు, నేను గట్టిగా చెప్తాను. మేడ మీదా, బాల్కనీలో ఒంటరిగా వదలొద్దు. పొద్దున ఎనిమిదింటికి నీడ ఉన్న చోట పడుకోబెట్టి పోతారు. పదకొండుకు నీడ జరిగిపోతుంది. మామూలు కుక్క లేచి దానితో పాటు జరుగుతుంది, ఇది జరగలేదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బండ మీద కాలు పెట్టలేం. ఆ బండ మీద స్పర్శ లేని చర్మం కాలిపోతున్నా దానికి తెలియదు. ఇంట్లోపలే, ఫ్యాను కింద, నీళ్ళ గిన్నె మూతికి అందేంత దగ్గర పెట్టాలి. కరెంటు పోతే తడిగుడ్డ వేయమని అత్తమ్మకు చెప్పి పోండి. మూత్రం ఒత్తడం కష్టమని నీళ్ళు తగ్గించేవాళ్ళున్నారు. అది పొరపాటు, ఇన్ఫెక్షన్‌ను పిలిచి పెట్టుకోవడమే.

తిండి తేలికే. కదలని కుక్క తొందరగా లావెక్కుతుంది, ఆ బరువంతా ముందు కాళ్ళ మీద పడుతుంది. రాగి సంగటి, గుడ్డు, ఎముక లేని చికెన్, కాస్త పెరుగు, ఉడికించిన గుమ్మడికాయ. గుమ్మడి వల్ల విరేచనం గట్టిగా వస్తుంది, శుభ్రం చేసేవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది. పాలు పోస్తే చాలా కుక్కలకు పలచగా అవుతుంది. ఉల్లిపాయ వేసిన పులుసులు, కూరలు పెట్టకండి.

చక్రాల బండికి తొందరపడకండి. ఎముక అతికిందని డాక్టరు చెప్పాకే. పీవీసీ పైపులతో, చిన్న సైకిల్ చక్రాలతో చేయించుకోవచ్చు, వేలు పోసి కొననక్కర్లేదు. వీపు నేలకు సమాంతరంగా ఉండాలి, నడుం పైకి లేస్తే భారం ముందుకు పోతుంది. మొదట పావుగంట చాలు. బండిలో కుక్క పడుకోలేదు, కాబట్టి బండి కట్టి మీ పని మీరు చూసుకోవడం కుదరదు. చాలామంది బండి వస్తే కుక్క పని తగ్గుతుందనుకుంటారు. తగ్గదు, షికారు ఒకటి అదనంగా చేరుతుంది. ఇంకో మాట, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం మరవొద్దు. ఎదకు వచ్చినప్పుడు మగకుక్కల నుంచి తప్పించుకోలేని ఒళ్ళు అది. ఒంట్లో బాగుపడ్డాక డాక్టరు చెప్పిన టైంకి చేయించేయండి.

"ప్రత్యేక అవసరాల కుక్కలన్నీ ఇంత కష్టమా" అని ఎవరైనా అడుగుతారని ముందే చెప్తున్నా, కాదు. మూడు కాళ్ళ కుక్కకు బరువు పెరగకుండా చూడటం తప్ప పెద్దగా పనేమీ ఉండదు. చూపు లేని కుక్క ఇంటిని ముక్కుతో, చెవులతో బట్టీ పట్టేస్తుంది, మీరు మంచాలు, కుర్చీలు జరపకపోతే చాలు. చెవిటిదానికి చేతి సైగలు నేర్పొచ్చు, నిద్రలో ముట్టుకోకుండా నేల తట్టి లేపాలి, గేటు మాత్రం ఎప్పుడూ వేసి ఉండాలి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి బతికిన కుక్కకు కాలో దవడో జీవితాంతం అదురుతూ ఉండొచ్చు. చూసేవాళ్ళకు బాధగా ఉంటుంది గానీ అది తింటుంది, తిరుగుతుంది. కోలుకున్నాక కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, ఒంట్లోంచి వైరస్ బయటికి వస్తుంది కాబట్టి టీకా పడని కుక్కపిల్లలున్న ఇంటికి తేవొద్దు. కుక్కను పెంచాలనే కోరిక ఉండి, మధ్యాహ్నం మనిషి దొరకని ఇళ్ళకు నేను చెప్పేది ఇలాంటి వాటిని తెచ్చుకోమనే.

ఇంటి ఓనరు సంగతి. పెంపుడు కుక్కలను అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఓనరుతో రోజూ మొహాలు చూసుకోవాల్సింది మీరు. ముందే కూర్చోబెట్టి చెప్పండి, వాసన రాదని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. తెచ్చుకున్నాక కుదరలేదని ఆకలిదప్పులకు వదిలేస్తే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. జరిమానా పదుల రూపాయల్లోనే ఉందనుకోండి, అది వేరే సంగతి. అసలు నడుం పడిపోయిన కుక్కను మళ్ళీ వీధిలో పెట్టడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

అన్నీ ఆలోచించి కుదరదనుకుంటే కుదరదని చెప్పండి, అందులో పాపం లేదు. డాక్టరు చేతుల మీద నొప్పి లేకుండా పోవడం, సరిగ్గా చూడలేని ఇంట్లో పుండ్లు పడి నెలల తరబడి పోవడం కంటే నయం. ఎవరో వీడియో పెట్టి "మనసుంటే మార్గముంటుంది" అంటే దానికి లొంగిపోకండి. ఆ వీడియో తీసినవాళ్ళు మీ ఇంటికొచ్చి మధ్యాహ్నం ఒత్తరు.

ఇప్పటికి చేయాల్సింది ఇది. ఒళ్ళు కదలకుండా చిన్న చోట ఉంచండి. ఈ రోజు మూత్రం ఖాళీ అయిందో లేదో డాక్టర్తో చూపించండి, దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు. ప్రొద్దుటూరు వెళ్తే ఎక్స్‌రే ఫిల్మూ, ఇప్పటిదాకా వేసిన ఇంజెక్షన్ల చీటీ వెంట తీసుకెళ్ళండి. డీప్ పెయిన్ సంగతి ఏం తేలిందో, అత్తమ్మ ఏమన్నారో రాయండి. ఆవిడ సరేనంటే పక్కకు పడుకోబెట్టి ఒంటి చేత్తో ఒత్తే పద్ధతి ఒకటుంది, పెద్దవాళ్ళకు అది సులువు, అది విడిగా చెప్తాను.